సర్కారు ఉద్యోగంలో ఉంటూ సైడ్ బిజినెస్: ఏది కుదురుతుంది, ఏది కుదరదు, కాగితం ఎలా పెట్టాలి

ప్రభుత్వ ఉద్యోగి వ్యాపారం చేయకూడదని అందరికీ తెలుసు. గీత ఎక్కడుందో మాత్రం చాలామందికి తెలియదు. ఊళ్లో పొలం కౌలుకిస్తే అది వ్యాపారమా? ఇంట్లోవాళ్లు పచ్చళ్లు పెట్టి అమ్మితే? ఫోన్‌లో షేర్లు కొంటే? ఆఫీసులో అడిగితే తలా ఒక మాట చెబుతారు. చివరికి ఎవరో ఒకరు "భార్య పేరు మీద పెట్టెయ్, ఎవడడుగుతాడు" అని తేల్చేస్తారు. మనవాళ్లలో అన్నిటికంటే ఎక్కువగా చెలామణీ అయ్యే సలహా ఇదే, అన్నిటికంటే ప్రమాదమైనదీ ఇదే. ఎందుకో కింద చెబుతాను. ముందు మొదటి పని.

మీకు వర్తించే రూల్స్ ఏవో తేల్చుకోండి

కేంద్ర ఉద్యోగులైతే 1964 నాటి సెంట్రల్ సివిల్ సర్వీసెస్ కాండక్ట్ రూల్స్. అందులో మీకు కావాల్సినవి మూడు: ప్రైవేటు వ్యాపారం, ఉద్యోగం గురించి 15వ రూలు, పెట్టుబడులు, అప్పుల గురించి 16వ రూలు, ఆస్తుల గురించి 18వ రూలు. రైల్వేకి విడిగా 1966 రూల్స్ ఉన్నాయి కానీ దాదాపు అదే వరస. రాష్ట్ర ఉద్యోగులకు ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ కాండక్ట్ రూల్స్, అవీ 1964వే. విభజన తర్వాత తెలంగాణ కూడా వాటినే తీసుకుంది. బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థల వాళ్లకు సొంత రూల్స్ ఉంటాయి. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లు తమ అగ్రిమెంటు తీసి చదువుకోవాలి.

తమాషా ఏమిటంటే, వ్యవస్థ మొత్తం ఒకలా ఉంటే గ్రామీణ డాక్ సేవక్‌ల సంగతి రివర్స్. పల్లెటూరి బ్రాంచి పోస్టుమాస్టరుకు పోస్టాఫీసు ఇచ్చే అలవెన్సు కాకుండా బతకడానికి వేరే ఆదాయం ఉండాలని వాళ్ల రూల్సే చెబుతాయి. పక్కింటి బ్రాంచి పోస్టుమాస్టరు కిరాణా కొట్టు నడుపుతున్నాడు కదా అని, సబ్ పోస్టాఫీసులో రెగ్యులర్ క్లర్కుగా ఉన్న మీరు నడపడానికి లేదు.

ఈ వ్యాసంలో రూలు నంబరు ఇచ్చిన చోటల్లా కేంద్రం రూల్స్ అని అర్థం. రాష్ట్రం రూల్స్ సారం చాలావరకు అదే, పరిమితులు, ఫారాలు మాత్రం మారతాయి. కాబట్టి మీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో తాజా జీవో అడిగి చూసుకోండి.

మీరు చేసేది వ్యాపారమేనా, చూసుకోండి

సొంతిల్లు అద్దెకిస్తే వ్యాపారం కాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ కాదు. తాతల నాటి పొలం కౌలుకివ్వడం, దాని పంట అమ్ముకోవడం మామూలుగా ఎవరూ అభ్యంతరపెట్టరు. కాకపోతే ఆ ఇల్లు, పొలం మీ ఆస్తుల స్టేట్‌మెంటులో ఉండాలి. చిట్టీ కట్టడం వేరు, చిట్టీ నడపడం వేరు. కాలనీలో ఇరవై మందిని పోగేసి చిట్టీ నడిపితే వ్యాపారం కిందికే వస్తుంది, రిజిస్ట్రేషన్ లేకపోతే 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద అది ఇంకో కేసు.

అనుమతి లేకుండా చేసుకోదగ్గవీ ఉన్నాయి. జీతం తీసుకోకుండా చేసే సేవా కార్యక్రమాలు, ఎప్పుడైనా ఒకసారి చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పని, సరదాగా ఆడే ఆటలు. నాటక పరిషత్తుల్లో వేషం వేసే రెవెన్యూ ఉద్యోగులు, కథలు రాసే టీచర్లు, కవి సమ్మేళనాలకు వెళ్లే ఇంజినీర్లు మనకు కొత్త కాదు. అది తప్పూ కాదు. కేంద్రంలో అయితే ఇలాంటి పనుల్లో కొన్నిటిని మొదలుపెట్టిన నెలలోపు ఆఫీసుకు తెలియజేయాలి, మానేయమంటే మానేయాలి.

"ఎప్పుడైనా ఒకసారి" అన్న మాట ముఖ్యం. ఏడాదికి రెండు నాటకాలు వేసే మనిషి ప్రతి శనివారం రాత్రీ పారితోషికం తీసుకుని ఈవెంట్లకు యాంకరింగ్ చేస్తుంటే, అది కళ కిందికి రాదు. ఆదివారాలు పౌరోహిత్యం చేసేవాళ్లకు, ఫొటోగ్రఫీ ఆర్డర్లు పట్టేవాళ్లకు కూడా ఇదే లెక్క. పైగా ఏ ప్రైవేటు పనికైనా ఫీజు తీసుకోవాలంటే విడిగా అనుమతి కావాలి. కేంద్ర ఉద్యోగులైతే అనుమతితో తీసుకున్న ఫీజు ఒక పరిమితి దాటితే, దాటినదాంట్లో మూడో వంతు ఖజానాకు కట్టాల్సి రావచ్చు.

యూట్యూబ్ గురించి అడగనివాళ్లు లేరు. వంటల వీడియోలు పెడితే ఏమవుతుందని. వీడియో పెట్టడం ఒకటి, యాడ్స్ డబ్బు అకౌంటులో పడటం ఇంకొకటి. నెలనెలా డబ్బు వస్తుంటే అది అడపాదడపా చేసే పని అనిపించుకోదు. కేరళ ప్రభుత్వం 2023లోనే ఉద్యోగుల యూట్యూబ్ ఛానళ్లకు అడ్డు చెప్పింది. మానిటైజేషన్ ఆన్ చేసేముందు రాతపూర్వకంగా అడగండి. యూనిఫాంలో, ఆఫీసు గదిలో, ఫైళ్లు కనిపించేలా తీసిన వీడియోలైతే అడగక్కర్లేదు, తీసేయండి.

అడిగినా మామూలుగా కుదరనివి

టీచర్లు ట్యూషన్ చెప్పడం. విద్యాహక్కు చట్టం, 2009లో 28వ సెక్షన్ ఒక్క వాక్యంలో తేల్చేసింది: ఏ టీచరూ ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. "డీఎస్సీ కోచింగ్‌కు వెళ్లి క్లాసులు చెబుతా, అది స్కూలు పిల్లలకు కాదు కదా" అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనను మీ డీఈవో ముందు నెగ్గించుకోగలననుకుంటే అనుమతి కాగితం ఆయన దగ్గరే పెట్టండి, కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద మీ ఫొటో పడకముందే.

డాక్టర్ల ప్రైవేటు ప్రాక్టీసు రాష్ట్రాన్ని బట్టి, చేరిన తేదీని బట్టి ఉంటుంది. తెలంగాణలో 2022లో చేసిన మార్పు ప్రకారం కొత్తగా నియమితులైన ప్రభుత్వ డాక్టర్లకు ప్రైవేటు ప్రాక్టీసు లేదు.

వడ్డీ వ్యాపారం. మన ఆఫీసుల్లో ఎవరూ దీన్ని వ్యాపారం అనుకోరు. నూటికి రెండు రూపాయల వడ్డీకి కొలీగ్‌కు లక్ష ఇవ్వడం సాయం అనుకుంటారు. 16వ రూలు ప్రకారం వడ్డీకి అప్పివ్వడం నిషిద్ధం. చుట్టానికో స్నేహితుడికో వడ్డీ లేకుండా చిన్న మొత్తం చేబదులు ఇవ్వొచ్చు, అంతవరకే. ప్రామిసరీ నోటు మీద మీ పేరు ఉంటే, ఆ కొలీగ్‌తో చెడిన రోజున ఆ నోటే మీ మీద సాక్ష్యం.

ప్రభుత్వ క్వార్టర్స్‌లో షాపు, బ్యూటీ పార్లర్, ట్యూషన్ సెంటర్ ఏదీ కుదరదు. క్వార్టర్స్‌ను వేరేవాళ్లకు అద్దెకివ్వడమూ కుదరదు, కేంద్రంలో దానికోసం 15-ఏ అని విడిగా రూలు ఉంది. సెలవు పెట్టి వేరే పని చేయడమూ అంతే. అది ఎర్న్‌డ్ లీవయినా, జీతం లేని లీవయినా, సెలవులో ఉన్నంత మాత్రాన ఉద్యోగి కాకుండా పోరు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లు సబ్సిస్టెన్స్ అలవెన్స్ (సస్పెన్షన్ కాలంలో ఇచ్చే జీవన భృతి) తీసుకోవాలంటే వేరే ఉద్యోగం, వ్యాపారం చేయడం లేదని సర్టిఫికెట్ ఇవ్వాలి. అక్కడ అబద్ధం రాస్తే, మొదటి కేసు తేలకముందే రెండోది నెత్తిన పడుతుంది.

షేర్లు: ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు కొనుక్కోవచ్చు. స్పెక్యులేషన్, అంటే ధరల ఎగుడుదిగుళ్ల మీద జూదంలా ఆడటం, చేయకూడదు. తరచూ కొనడం, అమ్మడం చేస్తే దాన్ని స్పెక్యులేషన్‌గానే లెక్కిస్తామని 16వ రూలు చెబుతోంది. "తరచూ" అంటే వారానికి ఎన్నిసార్లు అని అందులో లేదు. కానీ ఇంట్రాడే (కొన్న రోజే అమ్మేయడం) చేస్తున్నవాళ్లకు ఆ లెక్కే అక్కర్లేదు. ఆదాయపు పన్ను చట్టమే ఇంట్రాడే లాభాన్ని స్పెక్యులేటివ్ బిజినెస్ ఆదాయం అంటుంది. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌ను స్పెక్యులేషన్ అనకపోయినా బిజినెస్ ఆదాయం కిందే వేస్తుంది. అంటే రిటర్న్‌లో మీరే సంతకం పెట్టి "నాకు వ్యాపార ఆదాయం ఉంది" అని చెబుతున్నారు, ఆఫీసులో మాత్రం వ్యాపారం లేదంటున్నారు. మామూలుగా ఐటీఆర్-1 వేసే ఉద్యోగి ఒక ఏడాది వ్యాపార ఆదాయం చూపించే ఐటీఆర్-3 ఫారం వేశాడంటే దాని వెనక ఇలాంటిదేదో ఉంటుంది. నష్టం వచ్చినా ఇదే వర్తిస్తుంది.

సిప్‌లు (నెలనెలా ఫండ్లలో కట్టే మొత్తాలు), ఎప్పుడో కొని పెట్టుకున్న షేర్లతో ఇబ్బంది లేదు. కేంద్ర ఉద్యోగులు ఒకటి గుర్తుంచుకోవాలి: ఒక క్యాలెండర్ ఏడాదిలో షేర్లు, ఫండ్ల లావాదేవీల మొత్తం ఆరు నెలల మూల వేతనం దాటితే, తర్వాతి జనవరి 31లోపు నిర్ణీత ఫారంలో తెలియజేయాలి. 2019 నుంచి ఈ పరిమితి. బేసిక్ 56,100 అయితే 3,36,600 రూపాయలు. ఇది లాభం మీద లెక్క కాదు, లావాదేవీల మొత్తం మీద. నెలకు ముప్పై వేల సిప్ ఉన్న ఉద్యోగి ఒక్క షేరు అమ్మకుండానే ఈ గీత దాటేస్తాడు.

ప్లాట్ల సంగతీ దీనికి దగ్గరే. ఉండటానికో పిల్లలకో ప్లాటు కొనడం పెట్టుబడి. నలుగురు కలిసి ఎకరం కొని, లేఔట్ వేసి అమ్మడం రియల్ ఎస్టేట్ వ్యాపారం, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉన్నా సరే. ఒక్క ప్లాటైనా కొనేముందే ఆఫీసుకు చెప్పాలి, కొన్నాక కాదు.

ఇంట్లోవాళ్ల పేరు మీద వ్యాపారం

ఇదీ అసలు విషయం. మీ భార్యకో భర్తకో వ్యాపారం చేసే హక్కు పూర్తిగా ఉంది. మీ ఉద్యోగం వాళ్ల కాళ్లకు సంకెళ్లు కాదు. రూల్స్ అడిగేవి రెండే: కుటుంబ సభ్యులెవరైనా వ్యాపారం, ఇన్సూరెన్స్ ఏజెన్సీ, కమీషన్ ఏజెన్సీ నడుపుతుంటే తెలియజేయాలి, ఆ వ్యాపారం కోసం మీరు ప్రచారం చేయకూడదు. తెలియజేయాలన్నది 15వ రూల్లో స్పష్టంగా ఉంది. రాష్ట్ర ఉద్యోగులు కూడా ఓ కాగితం రాసి ఇచ్చేయడమే మేలు.

చిక్కు వచ్చేది వ్యాపారం పేరుకే వాళ్లదై, నడిపేది మీరైనప్పుడు. రూల్లో "ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ" అని ఉన్నది ఇందుకే. ఎంక్వయిరీ ఆఫీసరు లైసెన్సు మీద పేరు చూసి వెనక్కి వెళ్లిపోడు. ఈ కిందివి చూస్తాడు, మీరే ముందు చూసుకోండి.

షాపు కౌంటర్ మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను మీ ఫోన్‌తో స్కాన్ చేయండి. ఏ పేరు వచ్చింది? చాలా షాపుల్లో భర్త పేరే వస్తుంది, ఎందుకంటే తొందర్లో ఆయన అకౌంటుతోనే స్టిక్కర్ తెచ్చుకుని ఉంటారు. రోజూ వచ్చే అమ్మకం డబ్బు మీ శాలరీ అకౌంటులో పడుతున్నప్పుడు ఆ వ్యాపారం నాది కాదని చెబితే ఎవరు నమ్ముతారు? ఈ రోజే మార్పించండి. బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, వాట్సాప్ బిజినెస్‌లో ఉన్న ఫోన్ నంబరు మీదైతే అదీ మార్చండి. అద్దె అగ్రిమెంటు, కరెంటు మీటరు, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అన్నీ ఎవరు నడుపుతున్నారో వాళ్ల పాన్ మీదే ఉండాలి.

పెట్టుబడి ఎక్కడిదన్నది తర్వాతి ప్రశ్న. మీ పీఎఫ్ తీసి ఇచ్చారనుకోండి, తప్పు కాదు, కానీ కాగితం ఉండాలి. భార్యకు ఊరికే ఇచ్చిన డబ్బుతో పెట్టిన వ్యాపారంలో ఆ డబ్బు వాటా మేరకు లాభాన్ని మీ ఆదాయంలోనే కలపాలని పన్ను చట్టం అంటుంది. అప్పుడు వ్యాపార ఆదాయం మీ రిటర్న్‌లో కనిపిస్తుంది, ఆఫీసుకు జవాబు చెప్పుకోవాలి. అంతకంటే ఆమె పేరు మీదే బ్యాంకు లోను తీసుకోవడం శుభ్రమైన దారి. ముద్రా లోను శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు వస్తుంది. ఆమె సొంత నగలు కుదువపెట్టి తెచ్చినా సరే, ఆ రసీదు దాచండి.

మీరు షాపులో కూర్చోవచ్చా? పండగ రద్దీలో ఒక సాయంత్రం మూటలు మోసినందుకు ఎవరూ మెమో ఇవ్వరు. రోజూ ఆరింటికి ఆఫీసు నుంచి నేరుగా వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే వీధి అంతా చూస్తుంది. కంప్లయింట్ పెట్టేది ఏసీబీ కాదు, మీ పక్క షాపువాడు. ఇన్సూరెన్స్ ఏజెన్సీ అయితే మరీ జాగ్రత్త. మీ ఆఫీసులో సగం మందికి పాలసీలు మీ భార్య చేయించినట్టుంటే, వాళ్లనెవరు అడిగారన్న ప్రశ్న వస్తుంది. ఇక మీ ఆఫీసు కొనుగోళ్లు, కాంట్రాక్టులు ఇంట్లోవాళ్ల సంస్థకు వెళ్లే పరిస్థితి ఉంటే ఆ ఫైలు మీరు ముట్టుకోకూడదు, విషయం పై అధికారికి రాసి ఇవ్వాలి.

కాగితం పెట్టడం

ప్రాపర్ ఛానల్లో పెట్టండి, అంటే మీ పై అధికారి ద్వారా శాఖాధిపతికి. వాట్సాప్ మెసేజీ, నోటి మాట చెల్లవు. లెటర్‌లో పొగడ్తలు, పేదరికం కథలు అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"విషయం: నా భార్య నిర్వహించే టైలరింగ్ షాపు గురించి తెలియజేయడం.

నేను ఈ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. నా భార్య ఫలానా వీధిలో ఫలానా తేదీ నుంచి సొంతంగా టైలరింగ్ షాపు నడపబోతున్నారు. పెట్టుబడి రెండు లక్షల రూపాయలు, ఆమె పేరున తీసుకున్న బ్యాంకు రుణం. లైసెన్సు, అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా ఆమె పేరు మీదే ఉన్నాయి. ఈ వ్యాపార నిర్వహణలో నాకు పాత్ర లేదు. మా కార్యాలయంతో దీనికి ఎలాంటి లావాదేవీలు లేవు. కాండక్ట్ రూల్స్ ప్రకారం ఈ సమాచారాన్ని నా సర్వీసు రికార్డులో నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను."

లోను మంజూరు లెటరు, లైసెన్సు, అగ్రిమెంటు కాపీలు జతచేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తపాలు సెక్షన్ స్టాంపు, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి. మీరు చేసేది ఇదొక్కటీ అయినా చాలా టెన్షన్ తగ్గుతుంది.

మీరే ఏదైనా పని చేయడానికి అనుమతి అడుగుతుంటే లెటర్ కొంచెం మారుతుంది. ఏం పని, ఎవరికోసం, వారానికి ఎన్ని గంటలు, ఎంత డబ్బు, ఆఫీసు వేళలకు అడ్డం రాదని హామీ, ఆఫీసు సమాచారం వాడనని హామీ రాయాలి. యూనివర్సిటీలో గెస్ట్ లెక్చర్లు, పరీక్ష పేపర్లు దిద్దడం లాంటివాటికి అనుమతి దొరకడం మామూలే. షాపు, ఏజెన్సీ, కంపెనీ డైరెక్టర్ పదవికి దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టు కాదు. నెల చూసి రిమైండర్ పెట్టండి, అంతవరకు మొదలుపెట్టకండి. అనుమతి వచ్చినా షరతులు ఉంటాయి, వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకు ఉంటుంది, వేరే పోస్టుకు బదిలీ అయితే అక్కడ మళ్లీ తెలియజేయాలి.

ఏటా జనవరిలో ఇచ్చే ఆస్తుల స్టేట్‌మెంటు, ఆదాయపు పన్ను రిటర్న్, ఈ లెటర్ మూడూ ఒకే మాట చెప్పాలి. ఇన్‌కంటాక్స్ పోర్టల్లో మీ ఏఐఎస్ (ఏడాది లావాదేవీలన్నీ చూపే స్టేట్‌మెంటు) తెరిచి చూడండి. ఎవరు మీ పాన్ మీద కమీషన్ ఇచ్చారో, ఎక్కడ టీడీఎస్ కట్ అయిందో, ఏ షేర్లు అమ్మారో అన్నీ అందులోనే ఉంటాయి. మీకంటే ముందు అది చూసే అధికారికి మీ వివరణ ఏమిటో ఆలోచించుకోండి.

ఇప్పటికే నడుస్తుంటే

అనుమతి లేకుండా మీ పేరు మీదే ఏదో నడుస్తోందనుకోండి. పాత తేదీ వేసి లెటర్ పుట్టించవద్దు. ఇన్‌వార్డ్ రిజిస్టర్‌లో వరస నంబర్లుంటాయి, దొరికిపోతారు, అప్పుడు చిన్న తప్పు కాస్తా ఫోర్జరీ అవుతుంది. రాత్రికి రాత్రి భార్య పేరుకు మార్చడం కూడా తెలివైన పని కాదు, మారిన తేదీయే అన్నీ చెబుతుంది. వ్యాపారం ఆపండి. ఏజెన్సీ కోడ్ సరెండర్ చేయండి, భాగస్వామ్యం నుంచి రాతపూర్వకంగా తప్పుకోండి, జీఎస్టీ ఉంటే రద్దు చేయించండి, ఆ ఆదాయం రిటర్న్‌లో చూపించి పన్ను కట్టండి. తర్వాత ఒక సర్వీసు లాయరును కలిసి ఆఫీసుకు ఎలా తెలియజేయాలో అడగండి. ఎంక్వయిరీ మొదలయ్యాక కంటే ముందు చెప్పినవాళ్లకు తేలికపాటి శిక్షతో బయటపడే అవకాశం ఎక్కువ.

శిక్షలు సెన్సూర్ (రాతపూర్వక మందలింపు), ఇంక్రిమెంటు కోతతో మొదలై డిస్మిసల్ దాకా ఉంటాయి. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది: భారతీయ న్యాయ సంహిత 202వ సెక్షన్ ప్రకారం, వ్యాపారం చేయకూడదని చట్టబద్ధంగా కట్టుబడి ఉన్న ప్రభుత్వ ఉద్యోగి వ్యాపారం చేస్తే ఏడాది వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. పాత ఐపీసీలో ఇది 168వ సెక్షన్. ఇక ఏసీబీ ఆదాయానికి మించిన ఆస్తుల కేసు పెడితే, నిజాయితీగా సంపాదించిన సైడ్ ఆదాయమైనా సరే ఎక్కడిదో మీరే చూపించాలి. ఎప్పుడూ ఎక్కడా రాయని ఆదాయానికి ఆ రోజున లెక్క చూపడం చాలా కష్టం.

వ్యాపారమే మీ మనసైతే దారి వేరే. కేంద్రంలో 20 ఏళ్ల సర్వీసు నిండాక మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవచ్చు. అయితే గ్రూప్-ఏ అధికారులు రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు కంపెనీలో చేరాలన్నా, సొంతంగా కొన్ని రకాల వ్యాపారాలు మొదలుపెట్టాలన్నా అనుమతి తీసుకోవాల్సిందే. నోటీసు ఇచ్చేముందు పెన్షన్ సెక్షన్‌లో మీ క్వాలిఫయింగ్ సర్వీసు (పెన్షన్‌కు లెక్కలోకి వచ్చే సర్వీసు) ఎంతో లెక్క వేయించుకోండి. జీతం లేని సెలవుల్లో కొన్ని అందులోంచి పోతాయి.